ఆఖరి పదకొండు పేజీలు

హాల్లోంచి నవ్వులు వినబడుతున్న కొద్దీ మర్‌ఫూఆకి గుండె జారిపోతోంది.

ఈ ఇంట్లో పుస్తకం చదివే వేళ నవ్వులుండవు. సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక మొదలై ఉపవాసం విడిచే వేళ దాకా ఒకటే గొంతు వినిపించేది. అరబ్బీ ధర్మశాస్త్ర పుస్తకంలో మాట ఒకటి, దానికి జావా భాషలో అర్థం ఒకటి. మళ్లీ మాట, మళ్లీ అర్థం. ఆ గొంతు వెనక మూడొందల కలాలు కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు. ఈ మత విద్యాలయానికి పెద్దగురువు, ఆమె భర్త క్యాయి మస్దూకీ చదువు అంటే ముప్ఫై ఒక్క రంజాన్ల నుంచీ అదే.

ఇప్పుడా క్యాయి పక్క గదిలో మంచం మీద ఉన్నాడు. నాలుగు రోజుల కిందట చదువుతూ చదువుతూ వాక్యం మధ్యలోనే పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. పుస్తకంలో ఇంకా తొంభై పేజీలున్నాయి. ఇరవయ్యో ఉపవాసం నాటికి అది ముగియాలి, ఆ మర్నాటినుంచి పిల్లలు పండక్కి ఊళ్లు వెళ్లిపోతారు. నిన్నటినుంచీ తండ్రి గద్దె మీద కొడుకు ఫహ్రూర్ కూర్చుంటున్నాడు.

హాలు మళ్లీ ఘొల్లుమంది.

"ఇవాళ మేక కథ," అంది ఇఫ్ఫా, కొబ్బరి తురుముతూనే. "నిన్న గాడిదది అయిపోయింది."

"నోరు మూసుకుని తురుము."

"మూసుకున్నా. ఆ నవ్వులు నువ్వూ వింటున్నావుగా అమ్మా."

 కూతురికి ఇరవై ఆరేళ్లు. ఆడపిల్లల వసతిలో నూటపాతిక మందికి పొద్దున్నే పాఠం చెబుతుంది. ఆ నోటికి ఎదురు చెప్పి గెలవడం కష్టమని ఆమెకి ఎప్పుడో తెలిసిపోయింది.

పొద్దు గుంకి మగ్రిబ్ నమాజయ్యాక ఫహ్రూర్ లోపలికొచ్చాడు. తెల్లటి లుంగీ, భుజాన శాలువా, మొహం వెలిగిపోతూ ఉంది. అతను సభల్లో మాట్లాడితే ఊళ్లకి ఊళ్లు కదులుతాయి. సెల్‌ఫోన్లలో అతని మాటలు విననివాడు ఈ జిల్లాలో లేడు. ఖర్జూరం నోట్లో వేసుకుని చాప మీద కూలబడ్డాడు.

"చూశావామ్మా, ఎంత ఉత్సాహంగా విన్నారో! నాన్న చదువుతుంటే సగం మంది కునుకుతారు."

"ఎన్ని వరసలు సాగాయన్నయ్యా?" అంది ఇఫ్ఫా, మంచినీళ్లు ముందు పెడుతూ.

"ఏమిటే నీ వరసల గోల?"

"మూడు. నిన్న అయిదు. ఈ లెక్కన మనవలు వచ్చేదాకా చదవాలి."

"అమ్మా, దీన్ని అవతలికి పొమ్మను."

"నేను పోతాలే గానీ, ముందు నీ పుస్తకం ఒకసారి తెరిచి అమ్మకి చూపించు."

అతను తెరవలేదు. శాలువా కొంగు పుస్తకం మీదికి లాగాడు. అది చూడగానే మర్‌ఫూఆకి అంతా తెలిసిపోయింది. తెలిసీ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వరా."

అచ్చు అక్షరాలు బారుగా ఉన్నాయి. వాటి కింద గురువు చెప్పిన అర్థాన్ని విద్యార్థి సన్నగా, ఏటవాలుగా, చూరుకి వేలాడదీసినట్టు రాసుకోవాలి. అలా రాసి ఉంటేనే ఆ పుస్తకం అతనిది. రాస్తూ రాస్తూ కునుకు పడితే అక్కడ తెల్లగా మిగిలిపోతుంది. పిల్లలు దాన్ని చిల్లి అంటారు. ఫహ్రూర్ పుస్తకంలో ఇప్పుడు చదవాల్సిన మధ్య భాగమంతా చిల్లే. పేజీ మీద పేజీ తెల్లగా ఉంది. ఒక చోట అర్థం మొదలై, సగం అక్షరం దగ్గర కలం జారి, గీత కిందికంటా పోయింది. పదిహేడేళ్లప్పుడు కొడుకు తల వాల్చేసిన చోటు అది. మర్‌ఫూఆకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చిన్నతనం," అన్నాడతను. "సాయంత్రపు నీరసం, ఉపవాసం, నిద్రొస్తే తప్పా? నా ఒక్కడిదేనా చిల్లి పుస్తకం?"

"తప్పని ఎవరన్నారు? అప్పుడే పక్కవాడి పుస్తకం చూసి పూడ్చుకోవాల్సింది," అంది ఇఫ్ఫా.

"సరే, ఇప్పుడు పూడ్చుకుంటా. ఇఫ్ఫా, నీ పుస్తకం ఇవ్వు. అందులో అన్నీ ఉంటాయిగా."

"ఇవ్వను."

"ఏమిటీ?"

"రాసుకోడానికైతే ఇస్తా. గద్దె మీద కూర్చుని చదవడానికైతే ఇవ్వను. నువ్వు వినలేదు. నాన్న ఏమంటారో నీకు తెలీదా? చెవిన పడనిది నోట రాకూడదు. కింద కూర్చునేవాడు ఎవరి దగ్గర చూసి రాసుకున్నా పరవాలేదు. పైన కూర్చునేవాడు మాత్రం తన గురువు నోట విని ఉండాలి. ఆయన తన గురువు నోట విన్నారు. ఆ గొలుసు నీ నిద్ర దగ్గర తెగిపోయిందన్నయ్యా."

"గొలుసట! వాళ్లకి నాలుగు మంచి మాటలు చెబితే చాలు. ఈ రోజుల్లో జనానికి కావలసింది నవ్వుతూ నేర్చుకోవడం."

"నవ్వడానికైతే వాళ్ల ఊళ్లోనే నీ సభ విని నవ్వుకుంటారు. చిలాచప్ నుంచి బస్సెక్కి, రెండు జతల బట్టలతో వచ్చి, చాపల మీద పడుకుంటున్నారు. దేనికి? పుస్తకం నిండడానికి. రెండు రోజులుగా ఆ కలాలు మూతలు పెట్టుకుని కూర్చున్నాయి."

ఫహ్రూర్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "అయితే నువ్వు చదువుతావా?"

"చదువుతా."

 అన్నాచెల్లెళ్లిద్దరూ తల్లి వైపు తిరిగారు. మర్‌ఫూఆ పుస్తకం మూసి, దాని అట్ట మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది.

ఆమె ఈ సంగతి ఇక్కడిదాకా రాకూడదని ఎంత ప్రయత్నించిందో ఎవరికీ తెలీదు. పొద్దున్నే తస్రిపిన్‌ని పిలిచి అడిగింది. ఇరవై రెండేళ్లుగా క్యాయి చెప్పులు సర్దుతూ, ఆయన ముందే కూర్చుని ప్రతి రంజానూ విన్నవాడు. అతని పుస్తకంలో ఒక్క చిల్లి లేదు. "అమ్మగారూ, నన్ను చంపెయ్యండి గానీ ఆ గద్దె ఎక్కమనకండి. గురువు చోట కూర్చున్నవాడు బాగుపడడు," అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. అతన్ని ఓదార్చి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

క్యాయిని అడుగుదామా అంటే ఆయన కళ్లు మూసుకుని ఉంటాడు. ఆయన పుస్తకం చూద్దామా అంటే అందులో అచ్చు తప్ప ఏమీ లేదు. అర్థాలన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. ఇప్పుడు అవి ఆయన దగ్గర విన్నవాళ్ల దగ్గర మాత్రమే ఉన్నాయి.

"అమ్మా, చెప్పు," అన్నాడు ఫహ్రూర్. "ఆడది చదివితే మూడొందల మంది మగపిల్లలు రాసుకుంటారా? బయటి ఊళ్లవాళ్లు ఏమనుకుంటారు? ఆ గద్దె మీద ఎవరు కూర్చుంటే రేపు ఈ విద్యాలయం వాళ్లదని జనం అనుకుంటారు. ఆ సంగతి నీకూ తెలుసు, దానికీ తెలుసు."

"గద్దె నాకొద్దు," అంది ఇఫ్ఫా. "తడిక వెనక ఆడవాళ్ల వైపు కూర్చుని చదువుతా. మైకు ఇటు లాగితే చాలు."

మర్‌ఫూఆ పుస్తకాన్ని కొడుకు ఒళ్లో పెట్టింది. "రేపట్నుంచి ఇఫ్ఫా చదువుతుంది."

"అమ్మా!"

"మీ నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఏ ఒక్క ఏడూ మధ్యలో ఆపలేదు. ఈ ఏడు ఆగితే ఆ మనిషి మంచం దిగడు. నాకు కావలసింది పుస్తకం ముగియడం. ఎవరి గొంతుతో ముగుస్తుందన్నది తర్వాత."

 ఫహ్రూర్ తెల్లవారుజామున సహరీ భోజనం చేసి, పుస్తకం సంచిలో పెట్టుకుని, లమోంగన్‌లో సభలున్నాయని కారెక్కాడు. తల్లి చెయ్యి కళ్లకద్దుకుంటూ, "నువ్వే పిలుస్తావులే," అన్నాడు.

మొదటి రోజు తడిక వెనకనుంచి ఇఫ్ఫా గొంతు వినబడగానే హాల్లో గుసగుసలు లేచాయి. బయటి ఊరి కుర్రాళ్లు కొందరు చాపలు చుట్టేశారు.  తస్రిపిన్ గద్దెకి ఎదురుగా, రోజూ కూర్చునే చోటే కూర్చుని, తన నిండు పుస్తకం పక్కన పెట్టి, ఎక్కడినుంచో కొత్తది తెచ్చి తెరిచి, కలం మూత తీసి, తల వంచి రాసుకోవడం మొదలుపెట్టాడు. అందరికంటే పెద్దవాడు అలా రాస్తుంటే చుట్టిన చాపలు మళ్లీ పరుచుకున్నాయి. అరగంటలో కలాల చప్పుడు మొదలైంది.

మర్‌ఫూఆ క్యాయి గది కిటికీ తెరిచి పెట్టింది. కూతురి గొంతు ఎత్తూ పల్లం లేకుండా, మాట ఒకటి, అర్థం ఒకటి, అచ్చం ఆయన చదివినట్టే వస్తోంది. క్యాయి ఎడమ చేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి. పేజీ తిప్పినట్టు కదిలాయని ఆమెకి అనిపించింది. కళ్ల నీళ్లు తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

అలా ఆరు రోజులు జరిగింది. రోజుకి పదమూడు పేజీలు, తప్పితే పద్నాలుగు. ఆడపిల్లలు ఇఫ్ఫా వెంట నడిచేటప్పుడు మెడలు నిక్కించి నడుస్తున్నారు. హాలు ఊడ్చే ముసలి కాసన్ కూడా, "నింగ్ ఇఫ్ఫా చదివితే పెద్దాయన చదివినట్టే ఉంది, కాకపోతే దగ్గు లేదు," అన్నాడు. పందొమ్మిదో రోజుకి మిగిలింది పదకొండు పేజీలు. క్యాయి ప్రతి ఏడూ ఆ పదకొండు పేజీల్ని ఇరవయ్యో రోజుకే ఉంచేవాడు. ఆ రోజు చుట్టుపక్కల క్యాయిలంతా వస్తారు, ఆఖరి మాట చదివాక దువా ప్రార్థన చేస్తారు, అందరూ అరిటాకుల ముందు కూర్చుని ఉపవాసం విడుస్తారు.

అందుకే పందొమ్మిదో నాటి రాత్రి మర్‌ఫూఆ కూతుర్ని వెతుక్కుంటూ వెళ్లింది. మేకలు మూడా నాలుగా, కొబ్బరి ఎంత తీయాలి, ఇవన్నీ తేల్చుకోవాలి. ప్రతి ఏడూ ఈ లెక్కలు ఇద్దరూ కలిసే చూస్తారు.

ఇఫ్ఫా గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. పేజీ తెల్లగా ఉంది.

"ఇదేమిటే?" అంది మర్‌ఫూఆ.

 ఇఫ్ఫా ఒక పేజీ తిప్పింది. అదీ తెలుపే. మళ్లీ తిప్పింది.

"ఎవరిది ఈ పుస్తకం?"

"నాదే అమ్మా."

"నువ్వు కునికావా? నువ్వా?"

"కునకలేదు."

"మరి?"

"నేను ఈ పేజీలు ఎప్పుడూ వినలేదు."

మర్‌ఫూఆకి అర్థం కాలేదు. "పన్నెండో ఏటినుంచీ తడిక వెనక కూర్చుంటున్నావు. పద్నాలుగు రంజాన్లు విన్నావు. వినకపోవడమేమిటి?"

"ఇరవయ్యో రోజున నేనెక్కడుంటానమ్మా?"

మర్‌ఫూఆ వంటింటి వైపు చూసింది.

"అసర్ నమాజవగానే పిలుస్తావు," అంది ఇఫ్ఫా. గొంతులో కోపం లేదు. పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "పుస్తకం తర్వాత చూసుకుందువుగానీ, ముందు అన్నం దించు అంటావు. అతిథులకి వేడివేడిగా పెట్టాలి అంటావు. పద్నాలుగేళ్లూ పిలిచావు. పద్నాలుగేళ్లూ వచ్చాను. మొదటి ఏడు ఏడ్చాను, నీకు గుర్తులేదు. తర్వాత అలవాటైపోయింది."

"నాన్నని అడిగి ఉండాల్సింది."

"అడిగా. వచ్చే ఏడు వింటావులే తల్లీ అన్నారు. ప్రతి ఏడూ అదే అన్నారు."

"ఇది తెలిసీ చదువుతానని ఎందుకు ఒప్పుకున్నావే? ఆ రోజే చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు నన్ను చదవనిచ్చేదానివా?" అంది ఇఫ్ఫా.  "ఆరు రోజులు చదివాను. ఆరు రోజులైనా చాలనుకున్నా. ఈలోగా నాన్నకి మాటొస్తుందేమోనని కూడా అనుకున్నా. రాలేదు. విననిది నేను చదవను. అన్నయ్యకి చెప్పిన మాట నాకూ వర్తిస్తుంది."

మర్‌ఫూఆ కూతురి పక్కన కూర్చుంది.  "ఏముంటుంది ఆ పేజీల్లో?" అంది.

"పైన పేరుంది. బానిసల్ని విడిచిపెట్టే విధానం గురించి."

"ఈ రోజుల్లో బానిసలెక్కడున్నారే?"

ఇఫ్ఫా తల్లి మొహంలోకి చూసి, పుస్తకం మూసేసింది.

మర్‌ఫూఆ వరండాలోకొచ్చి నిలబడింది. చేతిలో సెల్‌ఫోన్ ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలీదు. తస్రిపిన్ ఎలాగూ చదవనన్నాడు. ఆ రోజున హాల్లో మెలకువగా ఉన్నవాడు ఇంట్లో ఒక్కడే. ఇరవయ్యో రోజున పెద్దపెద్ద క్యాయిల ముందు తండ్రి పక్కన కూర్చోబెడితే ఫహ్రూర్ నిద్రపోయే వీల్లేదు. అతని పుస్తకంలో ఆ పదకొండు పేజీలూ నిండుగా ఉన్నాయి. ఆరు రోజుల కిందట అట్ట తుడిచినప్పుడు చివరి పేజీలు ఆమె తిప్పి చూడనైనా లేదు, కానీ ఆ సంగతి ఇప్పుడు కళ్లకి కట్టినట్టుంది.

రెండో మోతకే ఎత్తాడు.

"ఏమ్మా, దాని సరుకు అయిపోయిందా?" అన్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"ఇరవయ్యో రోజున అది ఎప్పుడైనా హాల్లో ఉందా? చెంబులతో మంచినీళ్లు మోస్తూ కనబడేది. నాకు తెలీకపోవడమేంటి?"

"తెలిసీ చెప్పకుండా వెళ్లావు."

"నువ్వు నన్ను అడిగావా? దిగిపొమ్మన్నావు, దిగాను." అతని గొంతు కాస్త తగ్గింది. "అమ్మా, నేనేం పగవాణ్ణి కాదు. రేపు పొద్దున్నే బయల్దేరి వస్తాను. చదువుతాను. కాకపోతే తడికలూ గిడికలూ లేవు. మైకు నా ముందుండాలి, గద్దె మీద నేనుండాలి. మధ్యలో ఎవరు చదివారన్నది రేపెవరికీ గుర్తుండదు. ఆఖరి మాట ఎవరు చదివితే వాళ్లే చదివినట్టు."

"మరి ఇఫ్ఫా?"

"ఎప్పట్లాగే నీకు సాయంగా ఉంటుంది. నాలుగొందల మందికి వంట, మాటలా?"

మర్‌ఫూఆ చెవికి ఫోను ఆనించుకునే నిలబడింది. వంటింటి గుమ్మంలోకి వంటమనిషి సుమియాతి వచ్చింది, చేతులకి తడి. "అమ్మగారూ, బియ్యం ఎంత నానబెట్టమంటారు? రేపు పొయ్యిలు ఎన్నింటికి వెలిగించాలి?"

ఆగమని మర్‌ఫూఆ చెయ్యి ఎత్తింది.

పద్నాలుగేళ్లు కూతుర్ని పిలిచింది సరే. తన సంగతేమిటి? ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడే క్యాయి ఈ చదువు మొదలుపెట్టాడు. ముప్ఫై ఒక్కసార్లు ఆ పుస్తకం ఈ గోడ పక్కనే ముగిసింది. ముప్ఫై ఒక్కసార్లు ఆమె ఆవిరి మొహానికి కొట్టించుకుంటూ అన్నం గుండిగ దగ్గర నిలబడి ఉంది. ఆఖరి మాట ఏమిటో ఆమెకి తెలీదు. అది తెలియాలని తనకి ఎప్పుడూ తోచనైనా లేదని తెలిసి ఆమెకి ఒళ్లు మండింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేకపోయేది.

"పొద్దున్నే వండేయండి," అంది సుమియాతితో, ఫోను అలాగే పట్టుకుని. "మధ్యాహ్నానికల్లా అన్నీ దించి మూతలు పెట్టాలి. అసర్ నమాజు వేళకి ఈ వంటింట్లో ఒక్క పొయ్యి వెలగకూడదు, ఒక్క ఆడమనిషి ఉండకూడదు."

"చల్లారిపోతుందమ్మా! అంత పెద్దవాళ్లు వస్తుంటే..."

"ముప్ఫై ఒక్క ఏళ్లు వేడిగానే తిన్నారు. ఒక్క ఏడు చల్లారిన అన్నం తింటే ఎవరి ప్రాణమూ పోదు."

ఫోన్లో ఫహ్రూర్, "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావు? నేను అడిగినదానికి ఏమంటావు?" అన్నాడు.

"సరే అంటున్నా," అంది మర్‌ఫూఆ. "రా నాయనా. మైకు నీకే. గద్దె మీదే కూర్చో. నువ్వు విన్నావు కాబట్టి నువ్వే చదవాలి, అందులో తగువేం లేదు."

అతను తేలిగ్గా ఊపిరి వదలడం ఆమెకి వినబడింది. "నాకు తెలుసమ్మా, నువ్వు..."

"పూర్తిగా విను. తడిక ఇవతల నేనూ, ఇఫ్ఫా, సుమియాతీ, వంటింటి ఆడవాళ్లందరమూ కూర్చుంటాం. ఇఫ్ఫా చేతిలో కలం ఉంటుంది. నువ్వు ఒక్కో మాటా చదువు, ఒక్కో అర్థం చెప్పు. కథలొద్దు. అది రాసుకుంటుంది."

అవతల అతను గొంతు సవరించుకోవడం వినబడింది.

"రేపు సాయంత్రానికి దాని పుస్తకం నిండుతుంది, ఫహ్రూర్. నీ నోటితోనే నిండుతుంది. వచ్చే రంజానుకి మొదటి మాటనుంచి ఆఖరి మాట దాకా విన్న మనిషి మన ఇంట్లో ఒకరుంటారు. అది నువ్వు కాదు."

లమోంగన్‌లో ఎక్కడో బండ్లు పోతున్న చప్పుడు ఫోన్లోంచి వస్తోంది. ఆ చప్పుడులోనే ఎవరో "గుస్ ఫహ్రూర్, వేళవుతోంది" అని పిలిచారు. 

"వస్తున్నావా, రావటం లేదా?" అంది మర్‌ఫూఆ. "తొందరగా చెప్పు. బియ్యం నానబెట్టాలి."